దూడను బాగా పెంచుతుంది, కానీ మనిషి మీదికి వస్తుంది: ఈ ఆవును ఉంచాలా, తీసేయాలా?

పచ్చికబీడు:
అందరికీ నమస్కారం. మాంసం కోసం పెంచే మంద మాది. అందులో ఒక ఆవు విషయంలో ఎటూ తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను. ఏటా తప్పకుండా ఈనుతుంది, ఈతలో ఎప్పుడూ కష్టపడలేదు, గిట్టలు గట్టివి, పొదుగులో లోపం లేదు, పాలు మాన్పించే నాటికి మందలో అన్నిటికంటే దీని దూడే ఎక్కువ బరువు తూగుతుంది. లెక్కల పుస్తకం చూస్తే దీనికి వంక పెట్టడానికి ఏమీ లేదు. సమస్యల్లా గుణమే. దొడ్డిలోకి తోలగానే తల పైకెత్తి, చెవులు నిక్కించి, మనిషి ఎటు కదిలితే అటే చూస్తూ ఉంటుంది, దగ్గరికి వెళ్తే బుస కొట్టి మీదికి వస్తుంది. ఈసారి దూడకి చెవిపోగు వేయబోతే మా దగ్గర పనిచేసే అబ్బాయి కంచె ఎక్కి తప్పించుకున్నాడు. ఇంట్లో వాళ్ళు అమ్మేయమంటున్నారు, నాకేమో ఆ దూడల్ని చూస్తే మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

ముల్లుకర్ర:
తీసేయండి. ఆ అబ్బాయికి దెబ్బ తగిలి ఉంటే దూడ ఎన్ని కిలోలు తూగిందని మీరు ఇక్కడ రాసేవారే కాదు.

దొడ్డిగేటు:
అంత తొందరెందుకన్నా. అది భయంతో వస్తోందా, కోపంతో వస్తోందా అన్నది ముందు తేలాలి, ఎందుకంటే బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. ప్రతి పశువుకీ తన చుట్టూ కొంత జాగా ఉంటుంది, అందులోకి మనిషి వస్తే అది పక్కకి జరుగుతుంది. రోజూ మనుషుల్ని చూసే పశువుకి ఆ జాగా రెండు మూడు మీటర్లు ఉండొచ్చు, విశాలమైన బీళ్ళలో మనిషి మొహం చూడకుండా పెరిగిన దానికి ముప్పై మీటర్లు కూడా ఉండొచ్చు. ఆ జాగాలోకి మనం చొరబడి, పోవడానికి దారి లేకుండా మూలకి నెడితే ఎంత సాధువైన ఆవైనా తిరగబడుతుంది, లేదా కంచె దూకుతుంది. దానికి మనం దారి ఇచ్చామా లేదా అన్నది నా మొదటి ప్రశ్న.

రెండోది, దొడ్డిలో అరుపులు ఉన్నాయా? పశువులకి మనకంటే సన్నటి శబ్దాలు వినబడతాయి, మన చెవి ఇరవై వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే వాటికి ముప్పై వేలు దాటి వినబడుతుంది. ఇనప గేటు కీచుమనడం, ఈలలు, కేకలు వాటిని చాలా బాధపెడతాయి. దారిలో నీడ పడినా, గొలుసు వేలాడినా, కంచె మీద ఎవరో చొక్కా ఆరేసినా ఆగిపోతాయి. మనం మొండితనం అనుకుని కర్రతో పొడుస్తాం. ఒకసారి బాగా బెదిరితే ఆ గుండెదడ తగ్గడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, ఆ లోపే మళ్ళీ తోలితే మొదటికంటే ఎక్కువ గొడవ చేస్తుంది. ఇవన్నీ చూసుకున్నాకే ఆవు గుణం మీద తీర్పు చెప్పాలని నా అభిప్రాయం.

పచ్చికబీడు:
దొడ్డిగేటు గారూ, మీరు చెప్పినవన్నీ న్యాయమే. కానీ అదే దొడ్డి, అదే మనుషులు, మిగతా ఆవులన్నీ మామూలుగా నడిచి వెళ్ళిపోతాయి. దీనికి పక్కన గేటు తెరిచి ఉంచినా అటు పోదు, మనిషి వైపే తిరుగుతుంది. నన్ను బాధపెడుతున్నది అదే.

గోవైద్యం:
పశువైద్యుడిగా నా మాట. ఈ చివరి వాక్యమే అన్నిటికంటే ముఖ్యం. పోయే దారి ఉన్నా మనిషినే ఎంచుకుంటోందంటే అది భయం దాటిన విషయం.

గుణాన్ని నోటిమాటగా కాకుండా అంకెల్లో రాసుకోవడం అలవాటు చేసుకోండి. అమెరికాలో మాంసపు పశువుల మెరుగుదల చూసే బీఫ్ ఇంప్రూవ్‌మెంట్ ఫెడరేషన్ వాళ్ళు 1 నుంచి 6 దాకా ఒక స్కోరు పెట్టారు, టీకాలప్పుడు ట్రెవిస్‌లో (పశువుని కదలకుండా పట్టి ఉంచే చట్రం) బిగించినప్పుడు, వదిలినప్పుడు ఎలా ఉందో చూసి వేస్తారు. నెమ్మదిగా నిలబడి, వదిలాక నడిచి వెళ్ళేది 1. కాస్త అసహనంగా తోక ఆడించేది 2. బెదురుతూ పదేపదే ముందుకీ వెనక్కీ నెట్టేది, వదలగానే గబగబా పోయేది 3. వణుకుతూ ఎగిరి, కంచెలు గుద్దుకుంటూ పారిపోయేది 4. మనిషి మీద కోపం చూపించేది 5. నోట నురగ కక్కుతూ, తననీ మనుషుల్నీ గాయపరిచేటంతగా తెగబడేది 6. మీరు రాసిన దాన్ని బట్టి మీ ఆవు 5 కింద వస్తుంది. 3, 4 అంటే భయం, 5, 6 అంటే దాడి. దొడ్డిగేటు గారు చెప్పిన ఓర్పు 3కి, కొంతవరకు 4కి పనిచేస్తుంది. 5కి ఆ ఓర్పు మీద ఆశ పెట్టుకోవద్దు.

స్కోరు ఒక్కటే చాలదు కూడా. కొన్ని పశువులు బిగించగానే భయంతో కొయ్యబారిపోతాయి, చూసేవాళ్ళకి సాధువుగా కనబడతాయి. గేటు తీయగానే వాటి అసలు రంగు బయటపడుతుంది. అందుకే ట్రెవిస్ నుంచి వదిలినప్పుడు ఎంత వేగంగా పోతుందో కొలిచే పద్ధతి 1980ల చివర్లో ఆస్ట్రేలియాలో మొదలైంది, దాదాపు రెండు మీటర్ల దూరాన్ని ఎంతసేపట్లో దాటిందో సెన్సర్లతో చూస్తారు. మీ దగ్గర సెన్సర్లు లేకపోయినా నడిచిందా, పరుగెత్తిందా, దూకిందా అని రాసుకున్నా చాలు.

తూకంరాయి:
డాక్టర్ గారి మాటకి ఇంకొకటి కలుపుతాను. ఇక్కడ అందరూ గాయాల గురించే మాట్లాడుతున్నారు, గుణం తూకంలో కూడా కనబడుతుంది. 1997లో పశువుల ప్రవర్తన మీద పనిచేసే అమెరికా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్, ఆవిడతో పనిచేసిన వాళ్ళు మేపుడు దొడ్లలోని పశువుల్ని గుణం ప్రకారం వేరు చేసి చూస్తే, నెమ్మదిగా ఉన్నవి రోజుకి పెరిగే బరువు బెదురుగొడ్ల కంటే ఎక్కువగా వచ్చింది. ఆశ్చర్యం ఏమీ లేదు, మేత తొట్టి దగ్గర తల వంచడానికే భయపడే పశువు తినేది తక్కువ, తిన్నది కూడా ఒంటికి పట్టదు.

మాంసంలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కండరంలో గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఉంటుంది. పశువును కోశాక అది లాక్టిక్ ఆమ్లంగా మారి మాంసం పీహెచ్ (పులుపు ఎంతుందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) ఏడు దగ్గర్నుంచి ఐదున్నర దరిదాపులకి దిగాలి, అప్పుడే ఎర్రటి రంగు, మెత్తదనం, నిల్వ ఉండే గుణం వస్తాయి. లారీలో, కొత్త దొడ్డిలో గంటల తరబడి బెదిరి తన్నుకున్న పశువు ఆ నిల్వంతా ముందే ఖర్చు చేసేస్తుంది. పీహెచ్ ఆరు దగ్గరే ఆగిపోతుంది, మాంసం నల్లగా, జిగటగా తయారై తొందరగా చెడిపోతుంది. కొనేవాడు దాన్ని పక్కన పెడతాడు. ఖర్చైన గ్లైకోజెన్ తిరిగి నిండడానికి రోజులు పడుతుంది కాబట్టి ఒక రాత్రి విశ్రాంతి ఇస్తే సరిపోదు. పైగా గేట్లకి గుద్దుకుని కమిలిన చోట మాంసం కోసి పారేయాలి, అది వేరే నష్టం. ఇన్నాళ్ళు మేపిన మేత అంతా ఆఖరి రోజు పోతుంటే ఎంత కడుపుమంటో పడినవాళ్ళకే తెలుసు.

పచ్చికబీడు:
ఇది నేను ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు తూకంరాయి గారూ. దాని దూడలు మా దగ్గర బాగానే పెరుగుతాయి, తర్వాత కొన్నవాళ్ళ దగ్గర ఎలా ఉంటాయో మేం అడగలేదు.

చూడావు:
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి నేను ఇంకో వైపు చెప్తాను. నేను ఆడమనిషిని, ఈతల పనంతా నాదే. దూడని ముట్టుకుంటే కూడా పట్టించుకోని ఆవు నాకు అక్కర్లేదు. తోడేళ్ళు, వీధికుక్కలు తిరిగే చోట తల్లికి పౌరుషం లేకపోతే దూడ దక్కదు. ఈనిన మొదటి ఒకటి రెండు రోజులు ఏ ఆవైనా అడ్డం వస్తుంది, తల ఊపుతుంది, రంకె వేస్తుంది. దాన్ని పట్టుకుని చెడ్డ గుణం అని ముద్ర వేసి మంచి తల్లుల్ని అమ్ముకుంటే నష్టపోయేది మనమే. చెవిపోగు వేసేటప్పుడు దూడకీ తల్లికీ మధ్య గేటో, బండో అడ్డం ఉండేలా చూసుకోవాలి, ఒంటరిగా వెళ్ళకూడదు. అది మన బాధ్యత.

ముల్లుకర్ర:
అక్కా, దూడకీ మనిషికీ మధ్య నిలబడటం వేరు, మనిషిని వెంటాడి కింద పడేయడం వేరు. మొదటిది తల్లి గుణం. రెండోదాన్ని తల్లి గుణం అంటే నేను ఒప్పుకోను.

చూడావు:
ఆ తేడా నేనూ ఒప్పుకుంటాను తమ్ముడూ. ఈనిన వారానికి మామూలైపోతే అది తల్లి గుణం. దూడ లేనప్పుడూ, చూలుతో ఉన్నప్పుడూ, దొడ్డిలో ఎప్పుడు చూసినా అలాగే ఉంటే అది వేరే. పచ్చికబీడు గారూ, మీది ఏది?

పచ్చికబీడు:
ఏడాది పొడుగునా అంతేనమ్మా. ఈనినప్పుడు ఇంకాస్త ఎక్కువ.

చూడావు:
అయితే నేను కూడా తీసేయమనే అంటాను.

గోవైద్యం:
చూడావు గారు అడిగిన ప్రశ్నే సరైనది. ఒక లెక్క మీ ముందు పెడతాను. అమెరికాలో అయోవా, కాన్సాస్, మిస్సోరి, నెబ్రాస్కా రాష్ట్రాల్లో 2003 నుంచి 2008 వరకు పశువుల వల్ల చనిపోయిన 21 మంది వివరాల్ని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2009లో బయటపెట్టింది. అందులో 10 మంది ఆబోతుల వల్ల పోయారు, 6గురు ఆవుల వల్ల, మిగతా 5గురు ఒకటికంటే ఎక్కువ పశువుల మధ్య చిక్కుకుని. ఆవు కదా ఏం చేస్తుందిలే అనుకునేవాళ్ళు ఆ ఆరుగుర్నీ గుర్తుపెట్టుకోవాలి. నన్ను ఇంకా కలచివేసింది ఏంటంటే, మూడింట ఒక వంతు మరణాల్లో ఆ పశువు అంతకుముందే కోపం చూపించినదే. అయినా మందలోనే ఉంది. మీ ఆవు గురించి మీకు ఇప్పుడు తెలుసు కాబట్టే ఇంత గట్టిగా రాస్తున్నాను.

సీసాపాలు:
విషయం కొంచెం పక్కకి పోతోందేమో, క్షమించండి. తల్లి చచ్చిపోతే ఒక మగదూడని సీసాతో పాలు పట్టి పెంచాం. ఇప్పుడు ఏడాది దాటింది, పిలిస్తే వస్తుంది, పిల్లలు తల నిమిరినా ఏమీ అనదు, నుదురుతో మెల్లగా నెడుతుంది. దీన్నే ఆబోతుగా ఉంచుకుంటే మచ్చికగా ఉంటుంది కదా అని మా ఆలోచన.

గోవైద్యం:
వద్దు. దయచేసి వద్దు. నుదురుతో నెట్టడం ముద్దు కాదు, బలాబలాలు చూసుకోవడం. తన తోటి కోడెలతో ఆడాల్సిన ఆట మనిషితో ఆడుతోంది, ఎందుకంటే అది మనిషిని తన మందలో ఒకడిగా అనుకుంటోంది. ఇప్పుడు రెండు వందల కిలోల పశువు మెల్లగా నెడుతోంది. ఎనిమిది వందల కిలోలు అయ్యాక అదే పని చేస్తే మనిషి లేవడు. హెర్‌ఫర్డ్ అనే మాంసపు జాతి కోడెల మీద 1990లో వచ్చిన ఒక పరిశోధనలో, ఒంటరిగా ఉంచి చేతితో పెంచినవే పెద్దయ్యాక ఎక్కువగా మనుషుల మీదికి వచ్చాయి, తోటి దూడలతో పెరిగిన వాటిలో ఆ గుణం చాలా తక్కువ. భయం లేకపోవడం, గుణం మంచిదవడం రెండూ ఒకటి కావు. బీడులో పెరిగిన ఆబోతు మనిషిని చూసి దూరం జరుగుతుంది, ఆ దూరమే మనల్ని కాపాడుతుంది. సీసాపాల కోడెకి ఆ దూరం ఉండదు.

వెంటనే విత్తు కొట్టించి, వేరే కోడెలతో కలిపి వదలండి. పిల్లల్ని దాని దగ్గరికి పంపకండి. ఆబోతు ఎప్పుడైనా పక్కకి తిరిగి నిలబడి వీపు విల్లులా వంచి, మెడ ఉబ్బించి, తల దించి చూపిస్తే, తన ఒడ్డూ పొడుగూ చూపించి బెదిరిస్తోందని అర్థం. కాలితో మట్టి గీరడం కూడా అదే. అప్పుడు వీపు తిప్పి పరుగెత్తకూడదు, దాని మీద చూపు ఉంచి వెనక్కి వెనక్కి నడుస్తూ కంచె దాటాలి. అలా చేసిన ఆబోతు మందలో ఉండకూడదు.

సీసాపాలు:
పిల్లలు రోజూ దానితోనే ఉంటారు డాక్టర్ గారూ. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఈ వారమే విత్తు కొట్టిస్తాం.

బీటిపాట:
నుదుటి సుడిని చూసి గుణం చెప్పొచ్చని అంటారు, నిజమేనా?

తూకంరాయి:
అందులో కొంత నిజం ఉంది. గ్రాండిన్ వాళ్ళే 1995లో చూశారు, కళ్ళకి పైన సుడి ఉన్న పశువులు బిగించినప్పుడు ఎక్కువ గింజుకున్నాయి, కళ్ళకి కింద ఉన్నవి తక్కువ. కానీ అది మందలన్నీ కలిపి చూసిన సగటు, ఒక్క పశువుని పట్టుకుని సుడి చూసి కొనడం, అమ్మడం చేయలేం. గేటు తీసి వదిలితే ఎలా పోతుందో చూడండి, అదే మేలు.

మూపురం:
జాతి గురించి ఎవరూ మాట్లాడలేదు. బ్రాహ్మన్, నెలోర్ లాంటి మూపురం జాతులు బెదురు ఎక్కువని, అంగస్, హెర్‌ఫర్డ్ సాధువులని అందరూ అనేస్తారు. సగటు తీస్తే అలా వస్తుందేమో గానీ, నేను చూసిన బ్రాహ్మన్‌లు మనుషుల్ని బాగా గుర్తుపెట్టుకుంటాయి. మెత్తగా చూస్తే వెంట తిరుగుతాయి, మొరటుగా చూస్తే ఏళ్ళు గడిచినా మరిచిపోవు. జాతి పేరు పెట్టి ఒక పశువుకి శిక్ష వేయకండి.

దొడ్డిగేటు:
నూటికి నూరుపాళ్ళు నిజం మూపురం గారూ. ఏ జాతి అయినా చెడ్డ అనుభవం జరిగిన చోటుని మరిచిపోదు, ఆ చోటే కాదు, ఆ మనిషిని కూడా. ట్రెవిస్‌లో మొదటిసారి మెడ నొక్కుకుపోయిన పెయ్య జన్మంతా ఆ గేటు దగ్గర మొరాయిస్తుంది. అందుకే కొత్త పశువుల్ని మొదట ఏ టీకా లేకుండా ఊరికే అందులోంచి నడిపించి, అవతల కాస్త దాణా పెట్టాలి. తోలేటప్పుడు భుజం గుర్తుపెట్టుకోండి, భుజానికి వెనక నిలబడితే ముందుకి పోతుంది, ముందుకి వస్తే వెనక్కి తిరుగుతుంది. నేరుగా తోక వెనక నిలబడకూడదు, అక్కడ మనం దానికి కనబడం.

పచ్చికబీడు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. ఆవుని తీసేయాలని నిర్ణయించుకున్నాం. అయితే ఒకాయన మంద పెంచుకోవడానికి దాన్ని మంచి ధరకి అడుగుతున్నాడు. చెప్పి అమ్మాలా, మాంసానికే పంపాలా? ఇంకోటి, దాని కూతుళ్ళు రెండు పెయ్యలు మా దగ్గరే ఉన్నాయి. పెద్దది కాస్త బెదురుగా ఉంటుంది, చిన్నది మామూలే. వాటి సంగతి ఏంటి?

ముల్లుకర్ర:
మొదటిదానికి నేను చెప్తాను. మాంసానికే. మన దొడ్డిలో మనిషిని తరిమిన ఆవు ఆయన దొడ్డిలో ఆయన పిల్లల్ని తరుముతుంది. అన్నీ చెప్పి అమ్మినా, ఆయన ఇంకొకరికి చెప్తాడన్న నమ్మకం లేదు. ఎక్కించే రోజు ఒంటరిగా కాకుండా ఒకటి రెండు నెమ్మదైన వాటితో కలిపి ఎక్కించండి, తోడు లేని పశువు ఇంకా రేగిపోతుంది.

గోవైద్యం:
కూతుళ్ళ విషయం. గుణం రక్తంలో బాగానే దిగుతుంది, అందులో వారసత్వపు వాటా దాదాపు మూడో వంతు నుంచి నలభై శాతం వరకు ఉంటుందని అంచనాలు, ఇది పాలు మాన్పించే నాటి బరువు కంటే కూడా ఎక్కువ. ఏరుకుంటూ పోతే మంద గుణం మారుతుందని అర్థం. ఉత్తర అమెరికాలో లిమోసిన్ జాతికి ఒకప్పుడు పొగరు జాతి అని పేరు ఉండేది, 1990లలో ఆ జాతి సంఘం స్కోర్లు రాయించి, నెమ్మదైన ఆబోతుల్ని ఏరుకునేలా చేశాక కొన్నేళ్ళలోనే ఆ పేరు చాలావరకు పోయింది. మీరు వీర్యం కొనేటప్పుడు డొసిలిటీ, అంటే సాధుగుణం అంకె ఉంటే తప్పకుండా చూడండి, మందలో సగం రక్తం ఆబోతుదే.

అయితే మిగతాదాంట్లో చాలావరకు పెంపకంలో ఉంది, మీ పెయ్యలు ఇంకా చిన్నవి. బ్రాహ్మన్ సంకర పెయ్యల్ని పాలు మాన్పించాక వారానికి మూడుసార్లు చొప్పున నాలుగు వారాలు దొడ్డికి, ట్రెవిస్‌కి అలవాటు చేస్తే అవి త్వరగా ఎదకొచ్చాయి, త్వరగా చూలు కట్టాయి. ఆ నడకలకి బరువు కొంచెం తక్కువ పెరిగాయన్నది కూడా చెప్పాలి. అదే అలవాటు పెద్ద ఆవులకి చేసి చూస్తే గుణంలో మార్పు రాలేదు. అందుకే తల్లి మీద ఆ ఆశ వద్దన్నాను, కూతుళ్ళ మీద పెట్టుకోవచ్చు.

పచ్చికబీడు:
మరి వాటికి స్కోరు ఎప్పుడు వేయాలి? అలవాటు చేశాక వేస్తే అన్నీ 1, 2లే వస్తాయేమో కదా.

గోవైద్యం:
సరిగ్గా పట్టుకున్నారు. అలవాటు చేయకముందే, పాలు మాన్పించే సమయంలో వేయాలి, అప్పుడే పుట్టుకతో వచ్చిన గుణం కనబడుతుంది. రెండు పెయ్యల్నీ ఒకే రోజు, ఒకే మనిషి చూసి వేయాలి, కర్ర గానీ అరుపు గానీ ఉండకూడదు. అలవాటు చేశాక మళ్ళీ ఒకసారి వేసి రెండూ పక్కపక్కన రాసుకోండి. 3 ఉన్నది 2కి దిగితే ఉంచుకోవచ్చు. మొదట్లోనే 5 వచ్చిందంటే తర్వాత ఎంత వచ్చినా సంతానానికి ఉంచొద్దు.

పచ్చికబీడు:
సరే డాక్టర్ గారూ. చిన్నదానికి ఇంకా పాలు మాన్పించలేదు, దాంతో పాటే పెద్దదానికీ అదే రోజు వేయిస్తాను. ఎవరైనా స్కోరు రాసుకునే పుస్తకం ఎలా గీసుకోవాలో ఫోటో పెడితే ఉపకారం.

తూకంరాయి:
మాది పెడతాను. చెవిపోగు నంబరు, తల్లి, తండ్రి, స్కోరు, వదిలాక నడిచిందా పరుగెత్తిందా, అంతే గడులు. తండ్రి గడి మాత్రం వదలకండి, రెండేళ్ళ తర్వాత ఆ గడి చూసే ఏ ఆబోతుని మార్చాలో మాకు తెలిసింది.